మెలమైన్ తలుపు మీద మూడు పూతలు

ముట్టుకోకూడదు. గంట దాకా ముట్టుకోవద్దని డబ్బా మీద రాసి ఉంది, రంగుల కొట్టావిడ కూడా నొక్కి మరీ చెప్పింది, అయినా నా చూపుడువేలు దానంతటది ఆ మూడో పూత వైపే పోతోంది, దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాల్కనీలో రెండు స్టూళ్ళ మీద అడ్డంగా పడుకోబెట్టిన బీరువా తలుపు, దాని మీద పక్కపక్కనే మూడు తెల్లని మరకలు, మూడు రకాల ప్రైమర్లు, అంటే రంగుకు ముందు వేసే పట్టు పూతలు. మొదటిది నీళ్ళలో కలిపేది, రెండోది నూనెది, ఆ రెండూ నిన్న పొద్దునే వేశాను, ఆరిపోయాయి. మూడోది లక్కతో చేసింది, స్పిరిట్ వాసన గుప్పుమంటోంది, ఇప్పుడే వేశాను, గంటలో ఆరుతుందట. గంటలో మా ఆయన కూడా వచ్చేస్తారు. తలుపులకు కొత్త పిడులు కొనుక్కొస్తానని వెళ్ళారు, గుమ్మంలో చెప్పులేసుకుంటూ "నేనొచ్చేసరికి ఏది గట్టిదో తేల్చి పెట్టు" అన్నారు, అని నవ్వారు కూడా. తేలుస్తాను. ఈ గంటలో రెండు సంగతులు తేలాలి. ఈ మెలమైన్ మీద ఏ ప్రైమర్ నిలబడుతుందో ఒకటి. ఈ ఇంటిని అద్దెకిచ్చేసి నన్ను వేరే ఊరు తీసుకుపోవడానికి అన్నీ సిద్ధం చేసేసుకున్న మనిషి, ఆ మాట తన నోటితో నాకు చెబుతారా లేదా అన్నది రెండోది. చెబితే వెళ్తాను. ఏడ్చుకుంటూనో తిట్టుకుంటూనో వెళ్తాను. చెప్పకపోతే వెళ్ళను. ఇది పొద్దున మొహం కడుక్కుంటూ అనుకున్న మాట, అనుకున్నాక కాఫీ ఎప్పటిలాగే కలుపుకున్నాను, అందుకే నిజమైన మాటే అయి ఉంటుంది.

మెలమైన్ అంటే చెక్క కాదు, చెక్కలా కనిపించే కాగితం. పొట్టు అదిమి చేసిన పలక మీద జిగురులో ముంచిన కాగితాన్ని వేడి పెట్టి అతికిస్తారు, అది గాజులా నునుపుగా తయారవుతుంది, దేన్నీ లోపలికి పీల్చుకోదు. నేరుగా రంగు వేస్తే మొదట్లో ముచ్చటగానే ఉంటుంది, ఆ తర్వాత గోరు తగిలిన చోటల్లా పెచ్చులు లేస్తాయి. అందుకే ముందు జిడ్డు తుడవాలి, సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి, మెరుపు పోతే చాలు, మళ్ళీ తుడవాలి, అప్పుడు ప్రైమర్. ఇది నాకు కొట్టావిడ చెప్పక్కర్లేదు. పళ్ళ ల్యాబులో నేను చేసే పనీ ఇదే. లోహపు తొడుగు మీద ఇసుక చిమ్మి గరుకు చేయాలి, దాని మీద తెల్లటి పూత వేసి కొలిమిలో కాల్చాలి, అప్పుడే పింగాణీ నిలుస్తుంది. ఆ పూత సరిగ్గా లేకపోతే కట్టించుకున్న మనిషి ఏదో పెళ్ళిలో నవ్వుతుండగా పన్ను అంచు ఎగిరిపోతుంది. ఊళ్ళో సగం మంది నవ్వులు నా చేతుల మీదుగా వెళ్ళినవే, మా ఆయన నవ్వులో కూడా కుడివైపు పైపన్ను నాదే, ఈ ఏడాదే చేశాను. దాని రంగు కుదరడానికి నేనెంత అవస్థ పడ్డానో ఎవరికీ తెలియదు, పక్క పళ్ళకు కాస్త కాఫీ ఛాయ ఉండేది, అచ్చం అలాగే తెప్పించాను. గుమ్మంలో ఇందాక నవ్వింది ఆ పన్నుతోనే. రుద్దడం మాత్రం ఆయనకు రాదు. తలుపు మూల చూడు, ఎలా గీకి పెట్టారో, తెల్ల కాగితం అరిగి కింద గోధుమరంగు పొట్టు బయటపడింది. "మెల్లగా రుద్దండి, తొందరేముంది?" అంటే, "గట్టిగా రుద్దితే గట్టిగా పడుతుంది" అన్నారు. తొందరేమిటో అప్పుడు నాకు తెలియదు.

ఆ కొట్టుకు ఇద్దరం కలిసి వెళ్ళాం. అదే నన్ను తొలిచేస్తోంది. ఇల్లు అద్దెకిస్తే ఇచ్చారు, ఊరు మారితే మారారు, ఆ రోజు కొట్టుకు నన్ను ఎందుకు తీసుకెళ్ళాలి? ఆయనంతట ఆయనే అన్నారు, ఈ తెల్ల బీరువాలు పసుపెక్కి రోగిష్టి వాళ్ళలా ఉన్నాయి, కొత్తవి కొనడం దండగ, రంగు వేసుకుందాం, నీ చేతిలో పనితనం ఉంది కదా అని. ఆ మాటకు నేను పొంగిపోయాను. పొంగిపోక? మేమిద్దరం కలిసి ఒక పని పెట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఆయన ఉద్యోగం ఆయనది, నా పళ్ళు నావి, సాయంత్రం టీవీ ముందు ఆయనో కొసన నేనో కొసన. కొట్టులో ఆవిడ మూడు డబ్బాలు బల్ల మీద పెట్టింది. నీళ్ళదైతే వాసన ఉండదు గానీ గట్టిపడటానికి వారం పైన పట్టొచ్చు, నూనెది మంచిదే గానీ పోనుపోను పసుపెక్కుతుంది, లక్కది చప్పున ఆరుతుంది, మెలమైన్‌ని బాగా పట్టుకుంటుంది, కానీ వాసన తలకెక్కుతుంది, కిటికీలన్నీ తీసుకోవాలి, బ్రష్షులు స్పిరిట్‌లో కడుక్కోవాలి అంటూ ఆవిడ చెబుతుంటే మేం చిన్నపిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను నీళ్ళదన్నాను, ఆయన లక్కది అన్నారు, కాసేపు వాదించుకున్నాం, ఆవిడ నవ్వి మూడిట్లోనూ చిన్న డబ్బాలు ఇచ్చి, ఒక తలుపు మీద మూడూ వేసి చూసుకోండి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి ఒక్క ఊపున లాగండి, ఏది ఊడి రాకపోతే అది మీది అంది. బయటికి వస్తూ ఆయన నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. నేను ఇంటికి వచ్చి గదిలో ఏ రంగు వేయాలా అని ఆలోచించాను. లేత బూడిద ఆకుపచ్చ. ఆ రంగుకు తగిన దుప్పటి కూడా చూసుకున్నాను. వెర్రిమొహాన్ని.

ఆయన లక్కది అంటే లక్కదే ఎందుకన్నారో ఇప్పుడు అర్థమవుతోంది. చప్పున ఆరుతుంది కనుక. వారం ఆగే ఓపిక ఎక్కడ, మనుషులు చూడటానికి వచ్చేస్తారు కదా. లేత ఆకుపచ్చ వద్దు, తెలుపే వేద్దాం, తెలుపైతే ఎవరికైనా నచ్చుతుంది అన్నారు. ఎవరికైనా అంటే నేననుకున్నాను, చుట్టాలకు, వచ్చేపోయే వాళ్ళకు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొన్న ల్యాబులో మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకున్నాం. నా పక్క బల్ల అమ్మాయి, మైనంతో పళ్ళ అచ్చులు చెక్కే అమ్మాయి, ఇల్లు దొరక్క నానా తిప్పలు పడుతోంది, ఇంటి ఓనరు గొడవ పెడుతున్నాడట. తింటూ తింటూ ఫోనులో ఒక అద్దె ప్రకటన నా ముందు పెట్టి "అక్కా, ఇది చూడు, ఎంత బాగుందో, బాల్కనీ కూడా ఉంది, మన ల్యాబుకి దగ్గరే" అంది. చూశాను. కిటికీ బాగుంది. కిటికీ పక్కన తెల్ల బీరువా, దాని తలుపు మీద మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన బొమ్మలు పీకేసిన గుర్తులు, ఒక చందమామ సగం, ఒక చేప తోక. బీరువా పిడికి నా ల్యాబు కోటు తగిలించి ఉంది. మోచేతి దగ్గర ప్లాస్టర్ మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, అది కూడా ఫోటోలో స్పష్టంగా పడింది. కోటు ఇంట్లో ఉందంటే నాకు సెలవు రోజు. నేను బజారుకో ఎక్కడికో వెళ్ళినప్పుడు ఫోటో తీశారన్న మాట, కోటు పక్కకు తీసే తీరిక కూడా లేకుండా. కింద రాసి ఉంది, కుటుంబానికి అనుకూలం, నెలాఖరుకల్లా బీరువాలన్నిటికీ కొత్తగా రంగు వేయించి ఇవ్వబడును. వేయించి. ఎవరిచేత వేయించి? నా చేత. నా చేత్తోనే నా ఇంట్లోంచి నన్ను ఖాళీ చేయిస్తున్నారు, పైగా పనితనం ఉందని మెచ్చుకుంటూ. "ఏంటక్కా, ముద్ద గొంతుకి అడ్డం పడిందా, నీళ్ళు తాగు" అంది ఆ పిల్ల. తాగాను. బాగుంది, కానీ ఎండ ఎక్కువ వస్తుంది ఆ గదిలో అన్నాను. ఫోటోలో ఎండ ఎలా తెలిసిందక్కా అని అడగలేదు, మంచిపిల్ల.

ఎండ ఎక్కువే. ఇప్పుడు కూడా రెయిలింగు దాటి మోకాళ్ళ మీదికి వస్తోంది. మూడో పూత అంచులు మెరుపు తగ్గి సుద్ద తెలుపులోకి తిరుగుతున్నాయి, నడిమధ్యన ఇంకా తడి. ముట్టుకోకూడదు. కింద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అవడం లేదు, మళ్ళీ తంతున్నారు. ఆయనదా? కాదు, ఆయన నడిచి వెళ్ళారు.

ఆయన చెడ్డమనిషి అయితే బాగుండేది. చెడ్డమనిషిని ఏదో ఒకటి అనేసి చేతులు దులుపుకోవచ్చు. ఈయనదొక తీరు. అన్నీ సర్దేసి, ముడులన్నీ వేసేసి, ఇక విప్పడానికి వీల్లేదు అన్నాక తీరిగ్గా కూర్చోబెట్టి చెబుతారు, అది కూడా ఏదో బహుమతి ఇస్తున్నట్టు. అమ్మాయి బడి మార్చినప్పుడు కొత్త బడి బట్టలు కుట్టించి తెచ్చాక చెప్పారు. నా పియానోను, మా పెద్దమ్మ నాకిచ్చిన దాన్ని, ఎవరికో ఇచ్చేసినప్పుడు ఆ చోట పెట్టడానికి చదువుకునే బల్ల వచ్చాక చెప్పారు. ముందే చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదోయ్ అంటారు. నిజానికి ముందే చెబితే నేను కాదంటానని. కాదనే అవకాశం నాకు ఇవ్వకపోవడాన్ని ప్రేమ అనుకుంటారు, నేను కూడా చాలాకాలం అలాగే అనుకుని మురిసిపోయాను, మా ఆయన నన్ను ఏ తలనొప్పీ పడనివ్వరని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. ఆయన ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చేయడం. ఆ లిఫ్టు ఎక్కిన వాళ్ళకైనా ఎన్నో అంతస్తుకు పోతున్నారో తెలుస్తుంది, బటను వాళ్ళే నొక్కుకుంటారు.

నిన్న అమ్మాయికి ఫోను చేశాను. అది ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తోంది, ఆయన వెళ్ళదలచుకున్న ఊళ్ళోనే. ఆయన అక్కడికే వెళ్తున్నారని అప్పటికి నాకు తెలియదు. నాన్నగారు ఏమైనా చెప్పారా అని ఊరికే అడిగాను. అది గబగబా అంది, "హమ్మయ్య, చెప్పేశారా నాన్న? నువ్వేమంటావోనని తెగ భయపడ్డారమ్మా. క్వార్టర్స్ చాలా బాగుంది, నేను వెళ్ళి చూశాను, మీ గదికి కర్టెన్లు కూడా నేనే ఎంచాను, నీలం పువ్వులవి, నీకు నచ్చుతాయి." నేను ఊ అన్నాను. కొత్త బ్రాంచి పెడుతున్నారట, పెద్ద హోదా అట, ఆయనే అడిగి వేయించుకున్నారట, వచ్చే నెల చేరాలట. ప్రతి మాటకూ ఊ అన్నాను. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. "అమ్మా... నాన్న నీకు చెప్పలేదా ఇంకా?" ఏం చెప్పను? చెబుతారులే, నువ్వు చెప్పినట్టు అనకు అన్నాను. అది ఏడవబోయింది, నేనే ఊరుకోబెట్టాను. నా కడుపున పుట్టిన పిల్ల నాకు కర్టెన్లు కొంది, కిటికీ ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. దాని మీద కోపం ఆయన మీద కోపం కంటే ఎక్కువ వచ్చింది, ఆయన తీరు ఎటూ అంతే, కానీ నా బల్ల సంగతి దానికి కూడా తెలుసు.

నా బల్ల. పద్నాలుగో పదిహేనో ఏళ్ళు ల్యాబు వెనకగదిలో ప్లాస్టర్ కలిపాను, అచ్చులు పోశాను, దుమ్ము పీల్చాను, పింగాణీ పని మాత్రం ముందు గదిలో వేరేవాళ్ళు చేసేవాళ్ళు. ఈ ఏడాది మొదట్లో ల్యాబు ఓనరు నన్ను పిలిచి కిటికీ పక్క బల్ల చూపించింది. ఆ కిటికీలోంచి రోజంతా ఒకే రకం వెలుతురు వస్తుంది, పన్ను రంగు చూడటానికి అంతకంటే మంచి వెలుతురు ఉండదు. ఇక నుంచి పింగాణీ అంతా నీదే అంది. ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను, ఊపిరి ఆడక సగం సగం మాటలు. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మాయి ఫోనులో కేకలు పెట్టింది. నేను ఆ బల్ల సొరుగులో నా బ్రష్షులు సర్దుకున్న మొదటిరోజు ఆయనకు ఫోటో పంపాను, అది ఇంకా ఆయన ఫోనులో ఉండే ఉంటుంది, ఇల్లు అద్దెకిస్తామన్న ఫోటోల పక్కనే. చప్పట్లు కొట్టినప్పుడే బదిలీకి అడిగి ఉన్నారా? ఆ తర్వాతా? అది ఒక్కటీ తెలుసుకోవాలని ఉంది, తెలుసుకోకూడదనీ ఉంది.

ఆయనకు దారులు తెరవకపోలేదు నేను. నిన్న టీ తాగుతూ, ఆఫీసులో ఏమిటి విశేషాలు అన్నాను. "ఏముంటాయి, మామూలే" అన్నారు. పొద్దున, ఈ ఇంట్లో ఇంకెన్నాళ్ళు ఉంటామో అన్నాను, మామూలుగా, గోడవైపు చూస్తూ. "అదేం మాట, శుభమా అని రంగులేసుకుంటూ" అన్నారు. ఆయన గొంతులో తొట్రుపాటు ఏమైనా ఉందా అని వెతికాను, అణువంత కూడా లేదు. అబద్ధం చెప్పే మనిషికి చెవులైనా ఎర్రబడతాయంటారు కదా, చెవులూ మామూలుగానే ఉన్నాయి. ఇంతకు ముందు ఎన్ని మామూలు చెవుల్ని నమ్మానో.

సరే, మొదటి రెండూ చూద్దాం. బ్లేడు ఎక్కడ? ఇదిగో. అడ్డం గీతలు, నిలువు గీతలు, చిన్న చిన్న గళ్ళు. టేపు అంటించి, బొటనవేలితో గట్టిగా రాచి, ఒక్క ఊపున. నీళ్ళది మొత్తంగా లేచి వచ్చింది, పాలమీగడలా, టేపుకు అంటుకుని వేలాడుతోంది, కింద మెలమైన్ ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. నేను ఎంచుకున్నది ఇదే కదా. వారం ఆగితే గట్టిపడేదేమో, దీని తప్పేం లేదు, వ్యవధి ఇవ్వలేదు. నూనెది గళ్ళ అంచుల్లో కొంచెం పెచ్చులు లేచింది, గోరు పెడితే మెత్తగా దిగుతోంది. ఇక మూడోది. గంట అయినట్టే ఉంది. చేతిలో టేపు పట్టుకుని కూర్చున్నాను. ఒక పాడు ఆలోచన వచ్చింది, వచ్చిన మాట దాచడమెందుకు. నీళ్ళదే గట్టిదండీ అని చెప్పేస్తే? ఇంటి నిండా అదే వేస్తాను, వేసిన మర్నాడే తెల్ల రంగు కొట్టేస్తాను, చూడటానికి పెళ్ళికూతురిలా ఉంటుంది, చేరిన వాళ్ళు మొదటిసారి తడిగుడ్డ పెట్టి తుడవగానే చర్మం వలిచినట్టు ఊడి వస్తుంది, ఫోన్ల మీద ఫోన్లు, అక్కడ నీలం పువ్వుల కర్టెన్ల పక్కన కూర్చుని ఆయన సంజాయిషీలు చెప్పుకుంటారు. కాసేపు ఆ ఊహ బాగానే నడిచింది. కానీ ఆ ఊడిపోయిన పూత నా చేతిది అవుతుంది, దాన్ని చూసి ఎవరో ఒకామె ఇదెవరు వేశారమ్మా అని మూతి తిప్పుతుంది. అది నావల్ల కాదు. ఆయన మీద కసితో నా పని పాడుచేసుకోలేను.

బ్లేడు. అడ్డం, నిలువు. టేపు. లాగాను. టేపు ఖాళీగా వచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను, ఒక్క రేణువు లేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా, నా కోపమంతా పెట్టి లాగాను, చేతికి టేపే మిగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్పిరిట్ వాసనకు కాదు. ఆయన చెప్పింది నిజమవడం కూడా కష్టంగానే ఉంది. ఒక్క ప్రైమర్ విషయంలో నాతో నిజం చెప్పారు.

తాళం తిరిగింది. చెప్పులు విడిచిన చప్పుడు, కాగితపు సంచి గరగర. బాల్కనీలోకి వచ్చి ఒక పిడి తీసి తలుపుకు ఆనించి, తల వాల్చి చూశారు. "బాగుంది కదూ? ఇంతకీ ఏది గెలిచింది?"

"లక్కది."

"చెప్పానా!" టేపు తీసుకుని తనూ లాగి చూసుకున్నారు, చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "అయితే రేపు సెలవు పెట్టేసెయ్. ఇద్దరం కలిసి ఊదేద్దాం. వచ్చే ఆదివారానికి అంతా అయిపోవాలి."

"ఎందుకండీ అంత హడావిడి?"

"హడావిడేముంది. మొదలెట్టాక సాగదీయడం ఎందుకని."

ఇక ఇదే ఆఖరు అవకాశం. నేను లేచి నిలబడి, ఆయన మొహంలోకి నేరుగా చూశాను. నా గొంతు మెత్తగానే ఉంది, అడుక్కుంటున్నట్టు కూడా ఉంది, అందుకు సిగ్గుపడలేదు. "ఏమండీ, ఒక్క మాట అడుగుతాను. ఇదంతా ఎవరికోసం చేస్తున్నాం మనం?"

చెప్పండి. దేవుడా, చెప్పెయ్యండి. ఇప్పుడు చెప్పినా చాలు, సగం చెప్పినా చాలు, మిగతా సగం నేనే అందుకుంటాను, పెట్టెలు సర్దుతాను, బల్ల వదిలేసుకుంటాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. వేళ్ళకు పిడుల ఇత్తడి వాసన.

"పిచ్చిదానా, ఎవరికోసమేంటి? మనకోసమే. ఇంకో పదేళ్ళు మన బట్టలు ఇందులోనే ఉండాలి కదా."

నవ్వారు. నేను పోసి, కాల్చి, రంగు కలిపి ఇచ్చిన పన్నుతో. నాలో ఏదో చల్లబడిపోయింది. ఇంతసేపూ కోపం అనుకున్నది కోపం కాదు, ఆశ. అది పోయాక మాట్లాడటం తేలికైంది.

"సరే. మనకోసమే అన్నారు కాబట్టి నేను ఈ ఇంట్లోనే ఉంటాను. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. అద్దెకిస్తామని పెట్టిన ప్రకటన తీసెయ్యండి. క్వార్టర్స్‌కి మీరొక్కరే వెళ్ళండి. కర్టెన్లు నీలం పువ్వులవట, బాగుంటాయి."

భుజం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహం మీద నవ్వు కూడా ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉంది. నేను ఎదురుచూశాను. తప్పయిందనో, భయపడ్డాననో, నీ బల్ల నాకు గుర్తుందనో, ఏ మాటైనా సరే. కింద బండి ఎట్టకేలకు స్టార్టయి వెళ్ళిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

"అందరూ చెప్పారండీ. మీరొక్కరే చెప్పలేదు."